అల్యూమినియం క్లోరైడ్ స్థానంలో జియోలైట్: ఎక్కడ నెగ్గింది, ఎక్కడ ఇరుక్కుంది

డిగ్రీలో కెమిస్ట్రీ చదివినవాళ్లకు ఫ్రీడెల్–క్రాఫ్ట్స్ చర్య గుర్తుండే ఉంటుంది. బెంజీన్ వలయానికి ఎసిటైల్ సమూహాన్ని తగిలించాలంటే అల్యూమినియం క్లోరైడ్ వాడాలి. పరీక్షలో బాణం మీద దాని ఫార్ములా రాసి, కింద ‘ఉత్ప్రేరకం’ అని పెడితే మార్కులు పడిపోతాయి. ఉత్ప్రేరకం కొంచెం వేస్తే చాలని, చర్య అయ్యాక అది అలాగే మిగులుతుందని కూడా అదే సిలబస్‌లో చదువుకుంటాం. ఈ రెండు పాఠాలకూ పొసగదని మాత్రం క్లాసులో ఎవరూ చెప్పరు.

లెక్క వేసి చూడండి. ఎనిసోల్ (మెథాక్సీ సమూహం ఉన్న బెంజీన్ వలయం), ఎసిటైల్ క్లోరైడ్ కలిపి మెథాక్సీ ఎసిటోఫినోన్ తయారు చేస్తున్నాం అనుకుందాం. సన్‌స్క్రీన్ క్రీముల్లో వాడే అవోబెంజోన్‌కు ఇదే ముడిసరుకు. మే నెలలో తిరుపతి ఎండకు తిరిగేవాళ్లకు పనికొచ్చే సరుకే. ఇది ఒక మోల్ 150 గ్రాములు, అల్యూమినియం క్లోరైడ్ ఒక మోల్ 133 గ్రాములు. చర్య పూర్తవ్వాలంటే మోల్‌కు మోల్ కన్నా కాస్త ఎక్కువే వేయాలి. అంటే 150 కిలోల సరుకు తీయడానికి 133 కిలోలకు పైనే ఉత్ప్రేరకం! ఎసిటైల్ క్లోరైడ్ బదులు ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్ వాడితే అది కూడా చాలదు, దాదాపు రెట్టింపు కావాలి. అప్పుడు సరుకు కన్నా దీని బరువే ఎక్కువ.

కారణం పెద్ద రహస్యమేమీ కాదు. చర్యలో పుట్టిన సరుకు ఒక కీటోన్, దానికి ఆక్సిజన్ మీద జంట ఎలక్ట్రాన్లు ఉంటాయి. ఎలక్ట్రాన్ల కోసం కాచుకుని ఉన్న అల్యూమినియం వాటిని పట్టుకుంటుంది, ఇక వదలదు. ఒక్కో కీటోన్ అణువు ఒక్కో అల్యూమినియం క్లోరైడ్‌ను కట్టేసుకుంటుంది కాబట్టి తర్వాతి చర్యకు ఏమీ మిగలదు. ఆ పట్టు విడిపించాలంటే నీళ్లు పోయాలి. నీళ్లు పోస్తే కీటోన్ విడిపోతుంది గానీ అల్యూమినియం క్లోరైడ్ కూడా నాశనమైపోతుంది.

ఆ నీళ్లు పోసే పని ఎలా ఉంటుందో ల్యాబులో నిలబడి చూసినవాళ్లకు తెలుసు. నవంబర్‌లో ముసురు పట్టిన రోజు అల్యూమినియం క్లోరైడ్ సీసా మూత తీస్తే చాలు, గాలిలో తేమ తగిలి తెల్లటి పొగ లేస్తుంది, ముక్కు మండుతుంది. చర్య ముగిశాక ఆ మిశ్రమాన్ని ఐసు ముక్కల మీద కొద్దికొద్దిగా వంచుతుంటే బుసబుసమని పొంగుతుంది. ఆమ్లం సరిపడా లేకపోతే అల్యూమినియం హైడ్రాక్సైడ్ జిగురు ముద్దలా తేలి, సెపరేటింగ్ ఫనెల్‌లో రెండు పొరలూ విడిపోకుండా విసిగిస్తుంది. ఫ్లాస్కులో అయితే ఇది ఒక మధ్యాహ్నం పని. టన్నుల్లో చేసే ఫ్యాక్టరీలో ఇది తుప్పు పట్టే రియాక్టరు, హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఆవిరి, శుద్ధి చేస్తే తప్ప బయటికి వదలకూడని ఉప్పునీళ్లు.

జియోలైట్లు, అంటే లోపల అణువుల కొలతలో సన్నటి దారులున్న రాళ్లు, కర్బన రసాయన శాస్త్రంలోకి వచ్చింది ఈ తలనొప్పికి మందుగానే. అయితే ‘పర్యావరణానికి మంచిది, మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు’ అని రెండు ముక్కల్లో తేల్చేస్తే అసలు విషయం జారిపోతుంది. జియోలైట్‌లో ఆమ్లం ఎంత ముఖ్యమో, ఆ ఆమ్లం చుట్టూ ఉన్న ఖాళీ జాగా కూడా అంతే ముఖ్యం. ఆ జాగా కొలతే దాన్ని కొన్నిచోట్ల గెలిపించింది, కొన్నిచోట్ల గుమ్మం దగ్గరే ఆపేసింది.

తిరుమల రాయికీ దీనికీ తేడా

ఘాట్ రోడ్డు వెంట కనిపించే తిరుమల కొండరాయి ప్రధానంగా క్వార్ట్‌జైట్, అంటే దాదాపు అంతా క్వార్ట్‌జ్ ఖనిజమే. శిలాతోరణం కూడా ఆ రాయే. దానిలోపల ప్రతి సిలికాన్ పరమాణువు చుట్టూ నాలుగు ఆక్సిజన్‌లు, ప్రతి ఆక్సిజన్‌నూ పక్కపక్క సిలికాన్‌లు రెండు పంచుకుంటాయి. ఇలా ఏర్పడిన నాలుగు ముఖాల ఆకారాలు (చతుర్ముఖాలు) అన్నివైపులా మూలలు కలుపుకుంటూ పోతాయి. క్వార్ట్‌జ్‌లో ఈ అల్లిక ఎంత బిగువుగా ఉంటుందంటే కర్బన అణువు లోపలికి దూరే ప్రశ్నే లేదు.

జియోలైట్‌లోనూ ఇవే చతుర్ముఖాలు, ఇదే పంపకం. కాకపోతే అవి ఎనిమిదేసి, పదేసి, పన్నెండేసి కలిసి పెద్ద వలయాలుగా కూర్చుంటాయి. వలయం పక్కన వలయం చేరి రాయి పొడవునా సొరంగాలు, గదులు ఏర్పడతాయి. ఇవి రాయికి పడ్డ చిల్లులు కావు, స్ఫటిక నిర్మాణమే అది. అందుకే ఒకే రకం జియోలైట్‌లో ప్రతి ద్వారమూ ఒకే కొలత. యాక్టివేటెడ్ కార్బన్‌లోనూ రంధ్రాలు కోకొల్లలు, కానీ ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. ఈ ఒకే కొలత అన్న గుణం లేకపోతే జియోలైట్ కథే లేదు.

ఇలాంటి రాళ్లు మన కొండల్లో కాదు, మహారాష్ట్రలో పుణె, నాసిక్ వైపు దక్కన్ లావా రాళ్ల బోలు గూళ్లలో అందమైన స్ఫటికాలుగా దొరుకుతాయి. వేడి చేస్తే ఇవి నీటి ఆవిరిని వదులుతాయని 1756లో స్వీడన్ ఖనిజ శాస్త్రవేత్త క్రోన్‌స్టెడ్ గమనించాడు, పేరు పెట్టిందీ ఆయనే. రసాయన పరిశ్రమ వాడేది మాత్రం చాలావరకు కృత్రిమంగా చేసిన వాటినే. సోడియం సిలికేట్, అల్యూమినేట్, క్షారం కలిపిన జెల్‌ను మూసిన పాత్రలో గంటల తరబడో రోజుల తరబడో వేడి చేసి పెంచుతారు. కొన్నింటికి చట్రం ఒక కర్బన అమ్మోనియం అయాన్ చుట్టూ అల్లుకునేలా చేసి, తర్వాత 550 డిగ్రీల దగ్గర దాన్ని కాల్చేస్తారు.

ఇందులో కొన్ని సిలికాన్‌ల స్థానంలో అల్యూమినియం కూర్చుంటుంది. సిలికాన్‌కు నాలుగు ధనావేశాలు, అల్యూమినియంకు మూడే. కాబట్టి ఆ చోట చట్రానికి ఒక ఋణావేశం మిగులుతుంది. దాన్ని సరిపెట్టడానికి పక్కన ఒక సోడియం అయాన్ చేరుతుంది. అది చట్రానికి అతుక్కుని ఉండదు, వేరే అయాన్ వస్తే చోటు ఇచ్చేస్తుంది. రొయ్యల గుంటల్లో అమ్మోనియా తగ్గించడానికి జియోలైట్ చల్లేది ఈ గుణాన్ని నమ్ముకునే. ల్యాబులో అదే పని కావాలని చేస్తాం. అమ్మోనియం ద్రావణంలో వేసి సోడియంను తప్పించి, 500 డిగ్రీల దాకా వేడి చేస్తే అమ్మోనియా ఎగిరిపోయి చట్రం మీద ఒక్క ప్రోటాన్ మిగులుతుంది. సిలికాన్‌కూ అల్యూమినియంకూ మధ్య ఉన్న ఆక్సిజన్ మీద కూర్చున్న ఆ ప్రోటాన్ బలమైన ఆమ్లం. చేతిలోకి తీసుకుంటే తెల్లటి పొడి, అంతే. పొగ రాదు, వాసన రాదు.

ఆర్గానిక్ ల్యాబుల్లో సాల్వెంట్లలో నీళ్లు లాగడానికి వేసే మాలిక్యులర్ సీవ్స్ గుండ్లు కూడా జియోలైట్లే. బాగా వేడి చేసి ఆరబెట్టి చల్లార్చిన నాలుగు గుండ్లను, గ్లౌజు వేసుకున్న అరచేతిలో పెట్టుకుని, నాలుగు చుక్కల నీళ్లు వేయండి. చెయ్యి వెచ్చబడుతుంది. నీటి అణువులు లోపలి గదుల్లోకి దూరి అయాన్లను పట్టుకుంటున్నాయి, ఆ వేడి దానిదే. ఆ రంధ్రాలు కంటికి కనిపించవు గానీ, ఈ ప్రయోగం తర్వాత వాటిని అనుమానించే విద్యార్థి ఉండడు.

కొలత చేసే పని

తిరుపతిలో ఉండేవాళ్లకు ఈ సొరంగాలు, గదులు అనగానే వైకుంఠం క్యూ కాంప్లెక్స్ గుర్తుకు రావడం సహజం. కంపార్ట్‌మెంట్లు, సన్నటి దారులు, ఒకరి వెనుక ఒకరు. పోలిక సగం దాకా బాగానే నడుస్తుంది. కానీ క్యూలో లోపలికి ఎవరు వెళ్లారో బయటికీ వాళ్లే వస్తారు. జియోలైట్‌లో లోపలికి ఒకటి వెళ్లి ఇంకొకటి బయటికి వస్తుంది. పైగా ఏది బయటికి రాగలదో కూడా ఆ దారే నిర్ణయిస్తుంది.

దీనికి పేరుమోసిన ఉదాహరణ జైలీన్. టోలీన్‌కు ఇంకో మిథైల్ సమూహం తగిలిస్తే, అది వలయం మీద ఎక్కడ కూర్చుందన్నదాన్ని బట్టి ఆర్థో, మెటా, పారా అని మూడు జైలీన్‌లు వస్తాయి. వాటి మానాన వాటిని వదిలేసి సమతాస్థితికి రానిస్తే పారా వాటా 24 శాతం చుట్టూ ఉంటుంది. పరిశ్రమకు ఎక్కువగా కావాల్సింది పారానే, దానినుంచే పాలిస్టర్ బట్ట, నీళ్ల సీసాల ప్లాస్టిక్ చేస్తారు (ఆ సీసాలనే అలిపిరి చెకింగ్‌లో ఆపేస్తారు, అది వేరే కథ). మోబిల్ కంపెనీ 1972లో పేటెంట్ పొందిన జెడ్‌ఎస్‌ఎమ్-5 అనే జియోలైట్‌లో సొరంగం వెడల్పు 0.55 నానోమీటర్ల దగ్గర. పారా జైలీన్ సన్నగా, పొడవుగా ఉంటుంది, అడ్డు కొలత 0.58 నానోమీటర్లు. మిగతా రెండూ 0.68. 0.55లోకి 0.58 ఎలా దూరుతుందని అడగొచ్చు. కొన్ని వందల డిగ్రీల వేడిలో చట్రమూ కంపిస్తుంటుంది, అణువూ కదులుతుంటుంది. ఆ మాత్రం తేడా సర్దుకుంటుంది. 0.68 అయితే ఆ సర్దుబాటుకు అందదు, అతి నెమ్మదిగా ఈదుకుంటూ రావాలి.

ఫలితం ఏమిటంటే పారా వేగంగా బయటపడుతుంది. ఆర్థో, మెటా లోపలే తచ్చాడుతూ మళ్లీ ఆమ్లానికి తగిలి పారాగా మారి, అప్పుడు బయటికి వస్తాయి. సొరంగాల ముఖద్వారాల దగ్గర ఫాస్ఫరస్, మెగ్నీషియం లాంటివి చేర్చి దారి ఇంకాస్త బిగిస్తే పారా వాటా 90 శాతం దాటించవచ్చు. సమతాస్థితిలో 24 ఉండాల్సింది 90కి చేరిందంటే ఉష్ణగతిక శాస్త్రాన్ని మోసం చేసినట్టు కనిపిస్తుంది. అదేమీ కాదు. సమతాస్థితి లోపల ఉంది, మనం సరుకు తీసుకుంటున్నది గేటు బయట.

కొలత ఇంకో రకంగానూ పనిచేస్తుంది, నాకు ఇదే ఎక్కువ ఇష్టం. రెండు జైలీన్‌లు ఢీకొని ఒకటి టోలీన్‌గా, ఒకటి ట్రైమిథైల్ బెంజీన్‌గా విడిపోయే చర్య ఒకటుంది. దానికి మధ్యలో రెండు వలయాలు కలిసిన లావుపాటి మధ్యస్థ రూపం ఏర్పడాలి. జెడ్‌ఎస్‌ఎమ్-5 లోపల దానికి జాగా లేదు. ముడిపదార్థం లోపలికి వెళ్లగలదు, సరుకు బయటికి రాగలదు, అయినా ఆ చర్య పెద్దగా జరగదు. మధ్యలో ఒక్క క్షణం నిలబడటానికి చోటు చాలక! ఈ జియోలైట్ మీద బొగ్గు నెమ్మదిగా పేరుకోవడానికి కారణమూ ఇదే, బొగ్గుకు దారితీసే పెద్ద అణువులు లోపల పెరగడానికి ఖాళీ ఉండదు.

ఇప్పుడు మొదట్లో చెప్పిన మెథాక్సీ ఎసిటోఫినోన్ దగ్గరికి వద్దాం. ఫ్రాన్స్‌లోని రోన్-పులెంక్ కంపెనీ (దాని రసాయనాల విభాగమే తర్వాత రోడియా అయింది) దీన్ని బీటా అనే జియోలైట్ మీద పరిశ్రమ స్థాయిలో చేసి చూపించింది. ఎనిసోల్, ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్ కలిపి జియోలైట్ నింపిన గొట్టంలోంచి పంపుతారు. అటువైపు సరుకుతో పాటు ఎసిటిక్ ఆమ్లం వస్తుంది, దాన్ని కూడా అమ్ముకోవచ్చు. ఐసు లేదు, క్లోరైడ్ లేదు, ఆ జిగురు ముద్ద లేదు. చర్య మందగిస్తే ఉత్ప్రేరకం మీద పేరుకున్న మురికిని గాలిలో కాల్చేస్తే మళ్లీ పనికి వస్తుంది.

ఇక్కడ రెండు విషయాలు దాచకుండా చెప్పుకోవాలి. ఈ చర్యలో దాదాపు అంతా పారానే రావడాన్ని జియోలైట్ గొప్పగా చూపిస్తుంటారు. కానీ ఎనిసోల్ మీద ఎసిటైల్ సమూహం అల్యూమినియం క్లోరైడ్‌తో చేసినా పారాకే వెళ్తుంది, మెథాక్సీ సమూహం అటే తోస్తుంది. ఇక్కడ జియోలైట్ లాభం వ్యర్థం తగ్గించడంలో ఉంది, పారాలో అంతగా లేదు. రెండోది, కీటోన్ ఇక్కడ కూడా లోపలి గోడలను పట్టుకుని కదలనంటుంది. అల్యూమినియం క్లోరైడ్‌తో ఉన్నంత గట్టి పట్టు కాకపోయినా తర్వాతి అణువులకు అడ్డమే. ఎనిసోల్‌ను ఎక్కువ మోతాదులో ఆగకుండా పారించేది దాన్ని కడిగేయడానికే. కాబట్టి ఫ్లాస్కులో వేసి కలిపితే సాదాసీదాగా కనిపించే ఉత్ప్రేరకం, గొట్టంలో సరైన పాళ్లతో పారిస్తే ఫ్యాక్టరీ నడిపిస్తుంది. ఎనిసోల్, వెరాట్రోల్ లాంటి చురుకైన వలయాలు దీనికి లొంగుతాయి. బెంజీన్, టోలీన్ అంత తేలిగ్గా లొంగవు.

విశాఖ, హైదరాబాద్, జపాన్

ఇదంతా విదేశాల వ్యవహారం అనుకోనక్కర్లేదు. పుణెలోని నేషనల్ కెమికల్ లాబొరేటరీలో పాల్ రత్నసామి బృందం ఎన్సిలైట్ పేరుతో జియోలైట్ ఉత్ప్రేరకాలు తయారు చేసింది. వాటిలో ఒకదానితో విశాఖపట్నంలోని హిందుస్థాన్ పాలిమర్స్‌లో ఆల్కహాల్, బెంజీన్ కలిపి ఇథైల్ బెంజీన్ తీశారు, అక్కడినుంచి ప్లాస్టిక్‌కు ముడిసరుకైన స్టైరీన్. ప్రపంచమంతా పెట్రోలియం నుంచి వచ్చే ఇథిలీన్‌తో చేస్తున్న పనిని మన దగ్గర ఆల్కహాల్‌తో చేయడం చిన్న విషయం కాదు, ఆ చర్యలో నీళ్లు పుడతాయి, అల్యూమినియం క్లోరైడ్ అయితే ఆ నీటికి నిలవదు. హైదరాబాద్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ (ఐఐసీటీ)లో ఎసిటాల్డిహైడ్, ఫార్మాల్డిహైడ్, అమ్మోనియాల నుంచి పిరిడిన్, పికోలిన్ అనే నైట్రోజన్ వలయాలు తీసే జియోలైట్ల మీద గట్టి కృషి జరిగింది. నియాసిన్ విటమిన్‌కు 3-పికోలిన్ ఒక ముడిసరుకు.

జపాన్‌లో సుమిటోమో కంపెనీ 2003లో మొదలుపెట్టిన ప్లాంటు నా దృష్టిలో ఈ రంగానికే మకుటం. నైలాన్-6కు కావాల్సిన కాప్రోలాక్టమ్ చేయడానికి సైక్లోహెక్సనోన్ ఆక్సైమ్‌ను గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో వేసి దాని నిర్మాణాన్ని మార్చడం పాత పద్ధతి. ఆ ఆమ్లాన్ని తటస్థం చేయడానికి అమ్మోనియా పోస్తే, సరుకు కన్నా ఎక్కువ బరువు అమ్మోనియం సల్ఫేట్ వచ్చి పడుతుంది. ఎరువుగా అమ్మొచ్చు నిజమే, ధర పలకదు. సుమిటోమో వాళ్లు అల్యూమినియం దాదాపు లేని జెడ్‌ఎస్‌ఎమ్-5 చట్రం మీద ఆక్సైమ్ ఆవిరిని పంపి అదే మార్పు సాధించారు, అమ్మోనియం సల్ఫేట్ లేకుండా. ఆశ్చర్యం ఏమిటంటే ఇక్కడ బలమైన ఆమ్లం పనికిరాదు, సిలికా మీద ఉండే బలహీనమైన హైడ్రాక్సిల్ గుంపులే చాలు. ‘జియోలైట్ అంటే ఘన ఆమ్లం’ అని బట్టీ పట్టినవాళ్లు ఈ ఉదాహరణ దగ్గర ఆగాలి.

ఆ ప్లాంటుకు కావాల్సిన ఆక్సైమ్‌ను చేసేది టీఎస్-1. ఇటలీలోని ఎనీ గ్రూపు 1983లో పేటెంట్ పొందిన ఈ పదార్థంలో సిలికా చట్రంలో అక్కడక్కడ టైటానియం ఉంటుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో ఆక్సీకరణ చేస్తుంది, మిగిలేది నీళ్లే. ఫినాల్ నుంచి హైడ్రోక్వినోన్, ప్రొపిలీన్ నుంచి ప్రొపిలీన్ ఆక్సైడ్ దీనితో పరిశ్రమల్లో తీస్తున్నారు.

బీటా చట్రంలో తగరం పెడితే ఇంకో తలుపు తెరుచుకుంది. చిత్తూరు జిల్లాలో గానుగ దగ్గర పెనంలో చెరకు రసం కాగుతుండగా సున్నం నీళ్లు పోస్తారు. రసంలో పులుపు ఉంటే చక్కెర గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా విడిపోయి బెల్లం అచ్చు గట్టిపడదు. అది ఆమ్లం చేసే పని. గ్లూకోజ్‌ను ఫ్రక్టోజ్‌గా మార్చడం మాత్రం వట్టి ఆమ్లంతో సరిగా కాదు, పరిశ్రమలో ఎంజైమ్ వాడతారు. వేడి నీళ్లలోనే ఈ పనిని తగరం బీటా చేయగలదని 2010లో అమెరికాలోని మార్క్ డేవిస్ బృందం చూపించింది. అల్యూమినియం లేని ఈ సొరంగాలు నీటిని పెద్దగా ఇష్టపడవు కాబట్టి తగరం నీటిలో మునిగిపోకుండా పని చేస్తుంది.

మందుల దగ్గర ఎందుకు ఆగింది

ఇంత లాభముంటే మందుల కంపెనీలన్నీ జియోలైట్ ఎందుకు వాడట్లేదు? అవసరం లేక కాదు. కిలో సరుకుకు ఎన్ని కిలోల వ్యర్థం అనే లెక్కను 1992లో రోజర్ షెల్డన్ జనంలోకి తెచ్చాడు. భారీ రసాయనాల్లో అది 1 నుంచి 5 కిలోల లోపు, మందుల్లో 25 నుంచి 100 కూడా దాటుతుంది. అంటే జబ్బు ఎక్కువున్న చోటే మందు పనిచేయట్లేదు.

మొదటి అడ్డంకి కొలతే. పెద్ద ద్వారాలున్న వై జియోలైట్‌లో కూడా కిటికీ 0.74 నానోమీటర్లు. నాలుగైదు వలయాలు, కొమ్మలు ఉన్న మందు అణువు అందులో పట్టదు. 1992లో మోబిల్ వాళ్లే ఎంసీఎమ్-41 అని అంతకు కొన్ని రెట్లు పెద్ద రంధ్రాల సిలికా తెచ్చారు. కానీ దాని గోడలు స్ఫటికాలు కావు, జియోలైట్ అంత బలమైన ఆమ్లమూ రాదు. స్ఫటికం లోపలే పెద్ద దారులు తొలిచే పద్ధతులు వచ్చాయి, అవి కొంత మేలు.

రెండోది నైట్రోజన్. మందుల్లో నైట్రోజన్ లేనివి వెతుక్కోవాలి. క్షార గుణమున్న నైట్రోజన్ ఆ ప్రోటాన్‌ను పట్టుకుంటే ఆమ్ల స్థానం చచ్చినట్టే. పిరిడిన్ తయారీ కొన్ని వందల డిగ్రీల దగ్గర ఆవిరిలో జరుగుతుంది కాబట్టి అది వదిలిపోతుంది. 80 డిగ్రీల ఫ్లాస్కులో వదలదు, అంత సున్నితమైన మందు అణువును 400 డిగ్రీలకు వేడి చేయలేం.

మూడోది లెక్కల వ్యవహారం. నెలకొక సరుకు మార్చే రియాక్టరులో, ఒక్క చర్య కోసం గొట్టం బిగించి ఉత్ప్రేరకం నింపే కంపెనీ ఏది?

ఇన్ని అడ్డంకులున్నా, జెడ్‌ఎస్‌ఎమ్-5తో పెద్ద పెద్ద బహువలయ అణువులు 95 శాతం దిగుబడితో వచ్చాయని, ఉత్ప్రేరకాన్ని ఐదుసార్లు వాడామని చెప్పే పరిశోధన వ్యాసాలకు కొదవ లేదు. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకో పీహెచ్‌డీకో ఇలాంటివి ఎంచుకునే పిల్లలు కాగితం మీద ముందు అణువు కొలత వేసుకోవాలి. సరుకు 0.9 నానోమీటర్లు, ద్వారం 0.55 అయితే చర్య లోపల జరగలేదు, స్ఫటికం పైపొర మీద జరిగింది. తప్పేమీ లేదు, కానీ అప్పుడు ఆకారం వల్లే ఈ ఫలితం అని రాయకూడదు. ఐదుసార్లు వాడిన పట్టిక కూడా జాగ్రత్తగా చూడాలి. చర్య ఎప్పుడో గంటకే పూర్తయినా ఆరు గంటలు నడిపి దిగుబడి కొలిస్తే, ఉత్ప్రేరకం సగం చచ్చినా అన్నిసార్లూ 95 శాతమే కనిపిస్తుంది. సగం చర్య కూడా జరగని సమయంలో కొలిచిన వేగాలను పోలిస్తేనే నిజం తెలుస్తుంది.

టైటానియం, తగరం లాంటి లోహం ఉన్న వాటికి ఇంకో పరీక్ష ఉంది. చర్య 30, 40 శాతం దగ్గర ఉండగా, చల్లారనివ్వకుండా వేడిమీదే వడకట్టాలి. చల్లారితే కరిగిన లోహం తిరిగి చట్రానికి అంటుకుని దొరక్కుండా పోవచ్చు. వడకట్టిన ద్రవాన్ని అదే వేడిలో మళ్లీ కలుపుతూ చూడాలి. చర్య ఆగిపోతే పని చేసింది జియోలైటే. సాగుతూనే ఉంటే, పని చేస్తున్నది దానిలోంచి కరిగి వచ్చిన లోహం.